గాలమునకు తగిన ఎర

తొలకరి వానలు కురిసి నాలుగు దినములైనది. ఊరిచెరువులో క్రొత్తనీరు చేరినది. గట్టుమీది తుమ్మచెట్టు నీడలో ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు గాలము వేసికొని కూర్చుండెను. ఇంటినుండి తెచ్చిన గోధుమపిండి ముద్దను చిన్నచిన్న ఉండలుగా చేసి, గాలపు ముల్లునకు గ్రుచ్చి, తామరతూండ్ల నడుమ నీటిలోనికి విసరుచుండెను. ఆ తూండ్ల నడుమ అప్పుడప్పుడు ఒక కొర్రమీను పైకి వచ్చి, గాలి పీల్చుకొని, మరల లోనికి పోవుట అతడు చూచెను. దానిని పట్టవలెనని అతని కోరిక. గంటలు రెండు గడచినవి. బెండు కదలలేదు.

కొంతదూరమున ఒక వృద్ధ మత్స్యకారుడు కూర్చుండి యుండెను. ఆతడు మట్టిపిడతలోనుండి ఒక వానపామును తీసి, ముల్లునకు తొడిగి, నీటిలో వేసెను. కొంతసేపటికే బెండు మునిగెను. ఆతని బుట్టలో రెండవ జెల్ల పడెను.

బాలుడు ఉండబట్టలేక ఆతని కడకు పోయి, “తాతా! మనమిద్దరమును ఒకే చెరువులో గాలము వేసితిమి. మీకు పడిన చేప నాకేల పడలేదు?” అని అడిగెను.

వృద్ధుడు అతని ముల్లునకున్న పిండియుండను చూచి నవ్వి, “నాయనా! నీవు తెచ్చిన ఎర మంచిదే. కాని నీవు కోరిన చేప దానిని ముట్టదు. కొర్రమీను కప్పలను, చిన్నచేపలను మ్రింగునది. మన చేతిలో ఏమున్నదని చూడరాదు, చేప కడుపునకు ఏమి కావలెనో అది చూడవలెను” అని చెప్పెను.

గాలమువేటలోని విద్యకు మొదటి పాఠము ఆ మాటలోనే యున్నది. గాలము, కర్ర, దారము ఎంత విలువగలవైనను, ఎర తగినది కానిచో అవి నిరుపయోగములు. తగిన ఎరను ఎంచవలెనన్నచో చేప నోరెట్టిదో, అది మేతను కంటితో వెదకునో వాసనతో వెదకునో, నీటిలో ఏ పొరయందు తిరుగునో తెలిసికొనవలెను. 

ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. కల్యాణి చాళుక్య చక్రవర్తియైన మూడవ సోమేశ్వరుడు క్రీ.శ. 1126 మొదలు 1138 వరకు రాజ్యము చేసెను. నేటి తెలంగాణములోని పెక్కు ప్రాంతములు ఆ కాలమున చాళుక్యుల యేలుబడిలో నుండెను. ఆ రాజు సంస్కృతమున ‘మానసోల్లాసము’ అను గొప్ప గ్రంథమును రచించి, రాజుల వినోదములను వర్ణించుచు ‘మత్స్యవినోదము’ అను ప్రకరణమును అందు చేర్చెను. చేపల జాతులను, వాని మేతలను, గాలపు కర్రను, దారమును గూర్చి ఆ ప్రకరణము తెలుపును. సుందరలాల్ హోరా అను మత్స్యశాస్త్రవేత్త దానిని ఆంగ్లమున వివరించి 1951లో ప్రకటించెను. మద్రాసు సివిల్ సర్వీసులో ఉద్యోగము చేసిన హెన్రీ సల్లివన్ థామస్ అను ఆంగ్లేయుడు మన దేశపు చేపలను గాలముతో పట్టు విధానమును గూర్చి 1873లో ఒక గ్రంథమును ప్రకటించెను. రాజైనను, అధికారియైనను, చెరువుగట్టుననున్న మత్స్యకారుడైనను మొదట తెలిసికొనవలసినది చేపయొక్క మేతయే.

మన మంచినీటి చేపల నోళ్లను పరిశీలించినచో వాని మేత చాలవరకు తెలియును. బొచ్చె నోరు పైవైపునకు తిరిగియుండును. అది నీటి పైపొరలలో తేలియాడు సూక్ష్మజీవులను తిని బ్రతుకును. శీలావతి నోరు కొంచెము క్రిందివైపునకు వంగి, పెదవి అంచు కుచ్చువలె నుండును. అది ఎక్కువగా నడిమిపొరలో తిరుగును. ఎర్రమోసు చెరువు అడుగున చేరి, మురిగిన ఆకులలోను బురదలోను మేత వెదకుకొనును. ఈ మూటికిని దవడలపై పండ్లు లేవు. గొంతులోనున్న పండ్లతో మేతను నలుపుకొనును. ఇవి మేతను కొరికి పట్టవు. పీల్చి, రుచి చూచి, నచ్చనిచో వెంటనే బయటికి ఊదివేయును. కావున వీనికి మెత్తని ముద్దయెర తగియుండును.

జెల్ల, వాలుగ, ఇంగిలాయి, మార్పు మొదలగునవి మీసములుగల చేపలు. ఆ మీసములు అలంకారములు కావు. వానిపై రుచిని గ్రహించు సూక్ష్మమైన అంగములు ఉండును. కలకనీటిలోను, చీకటిలోను కన్ను పనిచేయనపుడు ఈ చేపలు మీసములతో అడుగును తడవుచు మేతను కనుగొనును. అందువలన వీనికి వాసనయు రుచియు గల ఎర కావలెను. అట్టి ఎరలలో వానపాము శ్రేష్ఠమైనది.

కొర్రమీను స్వభావము వేరు. అది తూండ్లలోను నాచులోను పొంచియుండి, కదలుచున్న ప్రాణిని చూచి ఒక్కుమ్మడిగా దుముకును. దాని నోరు పెద్దది, పండ్లు పదునైనవి. కదలని పిండియుండ దానికి మేతగా తోచదు. ఇదిగాక చేపలలో పెక్కింటికి దేహమున కిరుప్రక్కల తలనుండి తోకవరకు పార్శ్వరేఖ యను జ్ఞానేంద్రియము కలదు. నీటిలో పుట్టు అతిస్వల్పమైన కదలికలను సయితము చేప దానివలన గ్రహించును. చీకటిలో చిన్నచేప తోక ఆడించినను పెద్దచేపకు తెలియుట ఇందువలననే.

ఇక వానపామును గూర్చి తెలిసికొందము. కొన్ని తావులలో దీనిని ఎర్ర యనియు పిలుతురు. దీనికి కన్నులు లేవు. కాని వెలుతురును చర్మముచే గ్రహించి తప్పించుకొనును. ఊపిరితిత్తులు లేవు, తడిసియున్న చర్మముగుండ శ్వాసించును. చర్మము ఎండినచో చచ్చును. వానలకు భూమి తడిసినపుడు నేలమీదికి వచ్చుటచేత దానికి వానపాము అను పేరు వచ్చినది. వరదనీరు గట్లను కోసికొని చెరువులోనికి వచ్చునపుడు వానపాములు కూడ కొట్టుకొని వచ్చును. ఆ కాలమున చేపలు నీరు చేరు మొగలయందు గుమిగూడి యుండును. క్రొత్తనీటిలో వానపాము ఎర బాగుగా పనిచేయుటకు ఇదియే కారణము.

వానపాములన్నియు ఒక విధమైనవి కావు. తోటమట్టిలో దొరకునవి బూడిదవన్నె గలిగి, పొడవుగా, బలముగా నుండును. ఇవి ముల్లునకు గట్టిగా నిలుచును. పెద్దజెల్లకును వాలుగకును ఇవి తగినవి. పేడకుప్పలలోను ఎరువు గుంటలలోను దొరకునవి చిన్నవి, ఎర్రనివి. ఇవి నీటిలో చాలసేపు చురుకుగా కదలును. పరిగెలకును, తిలాపియా పిల్లలకును ఇవి చాలును. తిలాపియా మన దేశపు చేప కాదు. 1952లో ఇచ్చటికి తేబడినది. ఇప్పుడది పెక్కు చెరువులలో వ్యాపించియున్నది. వానపాము తునకను అది విడువదు. కావున గాలము నేర్చుకొను బాలురకు తొలుత పడునది తరచుగా అదియే.

వానపాములను సేకరించుటకు అరటిపాదులు, దొడ్డిలో నీరు పారు కాలువ ప్రక్కలు మంచి తావులు. రాత్రి ఒక పాత గోనెసంచిని తడిపి నేలమీద పరచియుంచినచో తెల్లవారునప్పటికి దాని క్రింద కొన్ని చేరియుండును. వానిని తడిమట్టియు ఆకులును నింపిన మట్టిపిడతలో నుంచి, నీడను పెట్టి, తడిగుడ్డ కప్పవలెను. పిడతను ఎండలో నుంచినచో గంటలోనే ఎరలన్నియు చెడును. చచ్చి మెత్తబడిన వానపాము ముల్లునకు నిలువదు. సబ్బు, కిరసనాయిలు, పొగాకు వాసనగల చేతులతో ఎరను ముట్టరాదు. నీటిలో కరగు వాసనలను చేప మనకంటె మిక్కిలి సూక్ష్మముగా గ్రహించును.

అవసరమునకు మించి వానపాములను త్రవ్వి తీయరాదు. ఇవి మట్టిని మ్రింగి, మెత్తపరచి, వెలికి దెచ్చి, పొలమునకు సారము కలిగించును. ఛార్లెస్ డార్విన్ అను సుప్రసిద్ధ ప్రకృతిశాస్త్రజ్ఞుడు పెక్కేండ్లు వీనిని పరిశీలించి, ఇవి నేలకు చేయు మేలును గూర్చి 1881లో ఒక పూర్తి గ్రంథమునే ప్రకటించెను. పది ఎరలు కావలసినచోట పదియే తీసి, త్రవ్వినచోటిని మరల పూడ్చుట రైతుబిడ్డకు ఉచితమైన పని.

ముల్లునకు ఎర తొడుగుటలో కూడ నేర్పు కలదు. మొదట ముల్లు పరిమాణము చేప నోటికి తగియుండవలెను. అంగడిలో అమ్ము ముండ్లకు సంఖ్యలుండును. సంఖ్య పెరిగినకొలది ముల్లు చిన్నదగును. 12వ సంఖ్య ముల్లు 6వ సంఖ్య ముల్లుకంటె చిన్నది. 1వ సంఖ్యకంటె పెద్దవానికి మాత్రము 1/0, 2/0 అని గుర్తులు వేయుదురు. అచ్చట సంఖ్య పెరిగినకొలది ముల్లు పెద్దదగును. పరిగెలకు చిన్నముల్లుపై వానపాము తునక తొడిగి, మొన మాత్రము కప్పవలెను. పొడవుగా వ్రేలాడదీసినచో చిన్నచేపలు మొనను ముట్టకయే కొసను కొరికికొని పోవును. పెద్దజెల్లకు పెద్దముల్లుపై రెండు మూడు వానపాములను గుత్తిగా తొడిగి, కొసలను ఆడునట్లు విడువవలెను. ఆ కదలికయు వాసనయు కలిసి దానిని పిలుచును.

ఎర ఎంత తగినదైనను తగిన లోతున నుండనిచో ఫలము లేదు. జీలుగుబెండు ముక్కను దారమునకు కట్టి, దానిని పైకిని క్రిందికిని జరుపుటచే ఎర లోతును నిర్ణయింతురు. జెల్లకును ఎర్రమోసుకును ఎర అడుగును తాకవలెను. శీలావతికి అడుగునకు పైన, బొచ్చెకు నీటి పైభాగమునకు దగ్గరగా నుండవలెను. బెండు కదలు తీరును చూచి క్రిందనున్న చేపను గుర్తించు నేర్పరులు కలరు. పరిగెలు ముట్టినపుడు బెండు తటతట కొట్టుకొనును. శీలావతి పీల్చి ఊదునపుడు అది మెల్లగా వణకి, కొంచెము ప్రక్కకు జరుగును. జెల్ల మ్రింగినపుడు ఒక్కమారుగా మునిగిపోవును.

ముద్దయెరను చేయుట వంటచేయుట వంటిది. దోరగా వేయించిన తవుడును వేరుసెనగ చెక్కపొడిని కలిపి, కొంచెము గోధుమపిండిగాని ఉడికిన అన్నముగాని చేర్చి, నీరు చిలుకరించి పిసుకుదురు. ముద్ద పలుచనైనచో నీటిలో పడగానే విడిపోవును. మరీ గట్టిదైనచో చేప పీల్చుకొనలేదు. చెవితమ్మెవలె మెత్తగానుండుట దాని పాకము. అదే ముద్దను కొంచెము నీటిలో చల్లి, చేపలను ఆ తావునకు మరపుదురు. ఇవిగాక కాలమునుబట్టి ప్రకృతియే కొన్ని ఎరలను చూపును. వాన వెలిసిన సాయంకాలమున ఉసుళ్లు లేచి నీటిమీద రాలునపుడు చిన్నచేపలు వానికొరకే ఎగురును. ఆ గంటలో ఉసిలికంటె మంచి ఎర వాని కుండదు. కోతలకాలమున గట్టున మిడుతలు, కాలువలలో రొయ్యపిల్లలు, నత్తమాంసము కూడ ఎరలగును. ఆ పూట ఆ నీటిలో చేప ఏమి తినుచున్నదో చూచి దానినే అందించుట వివేకము.

కదలు ప్రాణిని మాత్రమే పట్టు కొర్రమీనుకు పూర్వము బ్రతికియున్న చిన్నకప్పను ముల్లునకు గ్రుచ్చి వేయుట వాడుక. అది మిక్కిలి క్రూరమైన పని. కప్పలు పంటకు కీడుచేయు పురుగులను తిని రైతునకు మేలుచేయునవి. ఇప్పుడు కప్పకు బదులుగా కప్పబొమ్మను వాడవచ్చును. ఇట్టివానిని కృత్రిమపు ఎరలందురు. ఇవి కర్రతోను, లోహముతోను, రబ్బరుతోను చేయబడును. వీనిలో రుచిలేదు, మేతలేదు. అయినను చేప వీనిని ఏల పట్టును?

ఈ ప్రశ్నకు ఫిన్లండు దేశపు మత్స్యకారుడైన లౌరి రాపాలా కథ మంచి సమాధానము. ఆతడు బీదవాడు. పడవలో కూర్చుండి నీటిలోనికి చూచుచు ఒక సంగతిని కనిపెట్టెను. పెద్దచేప చిన్నచేపల గుంపుమీదికి వచ్చినపుడు చక్కగా ఈదువానిని విడిచి, ఒరిగి తడబడుచు ఈదుదానినే తరచుగా పట్టుచుండెను. బలహీనమైనదానిని పట్టుట సులభమని దానికి తెలియును. రాపాలా 1936లో చెప్పులుకుట్టువారి కత్తితో బెరడును చెక్కి చిన్నచేప ఆకారము చేసెను. దానికి చాక్లెట్టునకు చుట్టు వెండిరేకు అంటించెను. ఫోటో నెగెటివులను కరగించి పైపూత పూసెను. లాగినపుడు అది గాయపడిన చేపవలె తడబడునట్లు సరిచేసెను. ఆ బొమ్మ తరువాత లోకమంతట ప్రసిద్ధి పొందెను. ఓర్పుతో చేసిన పరిశీలనయే ఆతనికి మూలధనము. చేపను మోసగించినది వన్నె కాదు, కదలిక.

కృత్రిమపు ఎరలలో ముఖ్యమైనవి కొన్ని గలవు. చెంచా ఆకారముగల లోహపు రేకు నీటిలో లాగినపుడు ఇటునటు ఊగి, చిన్నచేప పొలుసువలె తళుక్కుమనును. మరియొకదానిలో చిన్నరేకు కడ్డీచుట్టును గిరగిర తిరిగి నీటిని కదలించును. చేప ఆ కదలికను పార్శ్వరేఖతో గ్రహించును. రబ్బరుకప్ప తూండ్లపై తగులుకొనక నీటిమీద గెంతును. చెరువులలో కొర్రమీనుకు ఇది తగినది. రబ్బరుతో చేసిన వానపాములు కూడ కలవు. కాని తెగి నీటిలో పడినచో అవి మట్టిలో కలిసిపోవు. నిజమైన వానపాము దొరకుచోట వాని అవసరము స్వల్పము.

వీనిని ఎంచుటకు నీటిని చూడవలెను. తేటనీటిలో చేప బాగుగా చూచును. అచ్చట చిన్నవి, వెండివన్నెగలవి, నిజమైన చేపను పోలినవి వాడవలెను. కలకనీటిలో వన్నెలు కానరావు. నీటిలోనికి పోయినకొలది మొదట మాయమగునది ఎరుపు. అంగడిలో మనకు మిరుమిట్లు గొలుపు ఎర్రని బొమ్మ లోతున నల్లనిదిగా తోచును. కావున కలకనీటిలో నీటిని గట్టిగా కదలించునవి, ఆకారము స్పష్టముగా తెలియునవి మేలు. ఎక్కువ మురికిగానున్నచో బొమ్మలను మాని వానపామునే ఆశ్రయించుట మంచిది. కన్ను ఓడినచోట వాసన గెలుచును.

కాలమును కూడ చూడవలెను. చేప శీతలరక్తజంతువు. నీరు చల్లబడినపుడు దాని జీర్ణశక్తి తగ్గును. మేత తక్కువగా తినును. పుష్యమాసపు ఉదయమున చిన్న ఎరను మెల్లగా కదలింపవలెను. వేసవిలో నీరు మిక్కిలి వేడెక్కినపుడు దానిలో కరగియుండు ప్రాణవాయువు తగ్గును. చేపలు నీడకును లోతునకును పోవును. నాచు దట్టముగా గల చెరువులలో తెల్లవారుజామున ప్రాణవాయువు అన్నిటికంటె తక్కువగా నుండును. రాత్రియంతయు నాచు కూడ దానిని పీల్చుటయే అందులకు కారణము. అపుడు చేపలు నోళ్లు తెరచుకొని పైకి తేలుచున్నచో ఆకలిచే వచ్చినవని భ్రమపడరాదు. ఊపిరాడక వచ్చిన చేపకు ఎట్టి ఎరయు రుచింపదు. సూర్యుడు పైకి వచ్చి, నాచు మరల ప్రాణవాయువును విడుచువరకు వేచియుండవలెను.

గాలము పట్టువాడు పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. పెక్కు చెరువులలో చేపలు పట్టు హక్కు మత్స్యకారుల సహకార సంఘములకు ఇయ్యబడియుండును. వారు పిల్లలను కొని పెంచిన చేపలను అనుమతిలేక పట్టుట దొంగతనమే. పెద్దల తోడులేక లోతునీటి కడకు పోరాదు. జెల్లకు వీపునను రెక్కలయందును వాడియైన ముండ్లు కలవు. ఇంగిలాయి ముల్లు గ్రుచ్చుకొనినచో తీవ్రమైన బాధ కలుగును. కావున గాలమునుండి తీయునపుడు గుడ్డతో పట్టవలెను. తెగిన నైలాను దారమును గట్టున పారవేసినచో కొంగల కాళ్లకును పశువుల గిట్టలకును చుట్టుకొనును. బరువునకు సీసపు గుండ్లకు బదులు ఇనుపముక్కను కట్టుట మేలు. నీటిలో పడిన సీసపు గుండ్లను మ్రింగి హంసలు చచ్చుటవలన ఇంగ్లండులో 1987లో చాలవరకు వాని అమ్మకమును నిషేధించిరి. చిన్నచేప పడినచో చేతులు తడిచేసికొని, ముల్లు తీసి, మరల నీటిలో విడువవలెను.

గాలమునకు ఒక గుణము కలదు. అది ఒకమారు ఒకచేపనే పట్టును. వద్దనుకొనిన దానిని విడుచుటకు అవకాశమిచ్చును. మందుగుండు ప్రేల్చినను, విషము కలిపినను పిల్లలు, గ్రుడ్లు, కప్పలు, నత్తలు అన్నియు నశించును. ఆ నీటిని త్రాగు పశువులకును అపాయమే. అందుచేతనే 1897లో చేయబడిన భారత మత్స్యశాఖా చట్టము ఈ రెండు పద్ధతులను నిషేధించినది.

చెరువుగట్టున వృద్ధుని మాట విన్న బాలుడు ఊరకుండలేదు. నెలదినములు ఆతనికడ కూర్చుండి వానపామును తొడుగుట నేర్చెను. జీలుగుబెండును చెక్కి, పసుపును మసియు పూసి, ఒక కప్పబొమ్మను చేసెను. మొదటిది బోర్లపడెను, రెండవది మునిగెను, మూడవది నిజమైన కప్పవలె నీటిమీద గెంతెను. శ్రావణమాసమున ఒక సాయంకాలము దానిని తీసికొని తామరతూండ్ల కడకు పోయెను.

తూండ్ల నడుమ నీటిమీద అరచేయంత మేర ఎర్రగా కదలుచుండెను. పరికించి చూడగా అవి వేలకొలది చిన్నచేపపిల్లలు. అన్నియు ఒక్కమారుగా పైకి వచ్చి, మరల ఒక్కమారుగా దిగుచుండెను. వాని క్రింద నల్లని నీడలు రెండు నిలిచియున్నవి. బాలుడు ఉప్పొంగి కర్ర యెత్తెను. వృద్ధుడు వచ్చి అతని చేయి పట్టుకొనెను.

“తాతా! కొర్రమీనులు రెండును అచ్చటనే యున్నవి. ఇపుడు వేసినచో తప్పక పట్టును” అని బాలుడనెను.

“పట్టును నాయనా, తప్పక పట్టును. అందుకే వేయరాదు. అవి తల్లియు తండ్రియు. ఎర్రగా కనబడునవి వాని పిల్లలు. పిల్లలమీదికి ఏది వచ్చినను అవి దుమికి కరచును. ఆకలిచేత కాదు, పిల్లలను కాచుటకు. ఆ రెంటిని తీసినచో ఈ పిల్లలను రేపటికి జెల్లలును కొంగలును పంచుకొనును. మరుయేడు నీవు ఈ తూండ్లలో ఏమి పట్టెదవు?” అని వృద్ధుడు చెప్పెను.

బాలుడు కొంతసేపు ఆ ఎర్రని గుంపును చూచుచు నిలిచెను. ఆ కొర్రమీనును తెలంగాణ ప్రభుత్వము 2016లో రాష్ట్రపు చేపగా ప్రకటించినదని అతడు బడిలో చదివియుండెను; అది తన పిల్లలను ఇట్లు కాచునని మాత్రము ఇపుడే తెలిసికొనెను. ఎర నెంచు విద్య చేప ఆకలిని తెలిసికొనుటతో మొదలగును. ఎర వేయరాని వేళను తెలిసికొనుటతో పూర్తియగును.

అతడు దారమును చుట్టి, కప్పబొమ్మను సంచిలో పెట్టుకొని, గట్టు ఆవలి వైపునకు పోయి వానపాము ఎర వేసెను. చీకటిపడువేళకు అతని బుట్టలో రెండు జెల్లలు మాత్రముండెను. తూండ్ల నడుమ ఎర్రని గుంపు పైకి వచ్చి, మరల నీటిలోనికి దిగెను.